బడిగదిలో కంప్యూటర్ల వల

(హోసూరు ప్రాంతపు తెలుగు మాధ్యమ బడుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలుసుకొన్న సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



నాకు ముందు మాట్లాడినవారు చట్టం తెలిసినవారు, భాష తెలిసినవారు. నేను పండితుణ్ణి కాను. హోసూరు చుట్టుపక్కల కార్యాలయాలలోనూ కర్మాగారాలలోనూ కంప్యూటర్లకు తీగలు లాగడం, చెడిపోయినవాటిని బాగుచేయడం నా వృత్తి. భాష కోసం కూడిన సభలో తీగలు లాగేవాడికి ఏమి పని అని మీకు అనిపించవచ్చు. పని ఉన్నది కాబట్టే వచ్చాను.

తెలుగు బడి మాన్పించి పిల్లలను ఇంకొక బడికి పంపే తల్లిదండ్రులను ఎందుకని అడిగితే రకరకాల కారణాలు చెబుతారు. వాటిలో నేను తరచుగా వినేది ఒకటి: "కంప్యూటరుకు తెలుగు రాదు కదా!" ఇది నిజం కాదు. కానీ మన బడులలో ఇది నిజంలాగానే కనబడుతుంది. బడికి వచ్చిన కంప్యూటరు తెర మీద ఇంగ్లీషు ఉంటుంది, కొన్నిచోట్ల రాష్ట్ర భాష ఉంటుంది. తెలుగు ఉండదు. ఎవరో పగబట్టి తీసివేసినందువల్ల కాదు. పెట్టమని ఎవరూ అడగలేదు, వారు పెట్టలేదు. పిల్లవాడు వారానికి రెండు గంటలు ఆ తెర ముందు కూర్చొని, తన తల్లిబాస పాఠ్యపుస్తకపు అట్టతో ఆగిపోతుందని ఎవరూ చెప్పకుండానే తేల్చుకొంటాడు. ఆ తేల్చుకోవడమే నా భయం. పుస్తకాలు ఆలస్యంగా వస్తే పోరాడి తెప్పించుకోవచ్చు. పిల్లవాడి మనసులో పడిన ముద్రను తుడవడం అంత సులభం కాదు.

దీనికి విరుగుడుగా మా ఊరి బడిలో ఒక చిన్న పని చేశాము. అయిదు కంప్యూటర్లను, వాటి నడుమ ఆరవదాన్ని తీగలతో కలిపి, ఆ ఆరవదానిలో తెలుగును నింపాము. ఇంటర్నెట్టు లేదు. నెలనెలా కట్టవలసిన రుసుము లేదు. ఆ పని ఎట్లా చేశామో వివరంగా చెబుతాను. మీలో ఎవరైనా రేపు మీ ఊరి బడిలో చేసుకోగలిగినంత వివరంగా చెప్పాలని నా ఆశ.

ముందుగా కంప్యూటర్లు ఎక్కడివి అన్న సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. దాని తరువాతిదైన విండోస్ 11, ఎనిమిది పదేళ్ళ నాటి యంత్రాలలో చాలావాటిని అంగీకరించదు. అందువల్ల బెంగుళూరులోనూ హోసూరు పారిశ్రామికవాడలోనూ ఎన్నో కార్యాలయాలు చక్కగా పనిచేసే కంప్యూటర్లను మూలన పడేస్తున్నాయి. బడి పేరుతో ఒక ఉత్తరం పట్టుకొని వెళ్ళి అడగండి, ఇచ్చేవారు ఉన్నారు. వాటిలో లినక్స్ పెట్టుకొంటే ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేస్తాయి. లినక్స్‌కు వెల లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, దాన్ని తెలుగులో నడుపుకోవచ్చు. మెనూలు తెలుగులో, ఫైర్‌ఫాక్సు తెలుగులో, లిబ్రెఆఫీసు తెలుగులో. ఈ తెలుగు తనంతట తాను రాలేదు. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ వంటి సంస్థలు, పేరు కూడా చెప్పుకోని ఎందరో యువకులు ఒక్కొక్క మాటా కూర్చి పెట్టారు. వారు పెట్టినదాన్ని వాడుకోకపోవడం మన బద్ధకమే అవుతుంది. ఆ మెనూలలోని కొన్ని తెలుగు మాటలు పెద్దవాళ్ళమైన మనకు ఎబ్బెట్టుగా తోస్తాయి. పిల్లలకు తోచవు. వాళ్ళకు 'ఫైల్' ఎంత కొత్తో 'దస్త్రం' అంతే కొత్త.

దానంగా వచ్చిన యంత్రాన్ని నేరుగా గదిలో పెట్టకండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి. పాఠశాల నిర్వహణ కమిటీలో తీర్మానం చేయించండి. సామాన్ల పద్దు పుస్తకంలో ఎక్కించండి. ఇవి లేకపోతే రేపు ఒక అధికారి వచ్చి "ఇది ఎవరిది?" అన్నప్పుడు చెప్పడానికి ఉండదు.

ఇక తీగల సంగతి. ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓర్చుకోండి.

కంప్యూటర్లను కలపడానికి నడుమ ఒక చిన్న పెట్టె కావాలి. దాన్ని నెట్‌వర్కు స్విచ్చి అంటారు. దీపం వేసే స్విచ్చికీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. ఎనిమిది రంధ్రాలున్న స్విచ్చి చిన్న బడికి చాలు. పూర్వం హబ్బు అనే పెట్టె ఉండేది. అది ఊరి దండోరా వంటిది. ఒకరికి చెప్పవలసిన మాటను అందరికీ చాటేది, అందరూ ఒకేసారి మాట్లాడితే గందరగోళమయ్యేది. స్విచ్చి టపా మనిషి వంటిది. ఏ రంధ్రం చివర ఏ యంత్రం ఉన్నదో గుర్తుపెట్టుకొని, ఎవరి ఉత్తరం వారికే అందిస్తుంది.

తీగ కొనేటప్పుడు జాగ్రత్త. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో మీటర్ల లెక్కన కూడా అమ్ముతారు, 305 మీటర్ల పెట్టెగానూ అమ్ముతారు. ఒక బడిగదికి అరవై మీటర్లు మించదు కాబట్టి పెట్టె అక్కరలేదు. అడగవలసింది 'క్యాట్ 6' లేక 'క్యాట్ 5ఇ', అదీ అసలు రాగిది. చౌకగా దొరికే తీగలు చాలావరకు అల్యూమినియానికి రాగి పూత పూసినవి. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. పిల్లలు తిరిగే గదిలో అది ఆరు నెలలు నిలవదు.

ఈ తీగ లోపల ఎనిమిది సన్న తీగలు, రెండేసి చొప్పున మెలివేసి ఉంటాయి. ఆ మెలిక అందానికి కాదు. పక్క జత నుంచీ, దగ్గరి కరెంటు తీగల నుంచీ వచ్చే అలజడిని అదే చాలావరకు రద్దు చేస్తుంది. కాబట్టి కొసన ప్లగ్గు బిగించేటప్పుడు అర అంగుళానికి మించి మెలిక విప్పకూడదు. వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలకూ ఒకే వరుస. ఆకుపచ్చ జత నడుమకు నీలం జత వచ్చి కూర్చోవడం చూసి, ఎవరో పొరపాటున రాశారనుకొని కొందరు 'సరిచేస్తారు'. అది పొరపాటు కాదు. మూడవ, ఆరవ స్థానాలు ఒక జతగా పనిచేస్తాయి కాబట్టే ఆ ఏర్పాటు. ఈ వరుసను మా బడి అయిదవ తరగతి పిల్లలు వల్లెవేసి మరీ నేర్చుకొన్నారు. క్రింపరు పట్టుకొని ప్లగ్గు బిగించడం వాళ్ళకు నాకన్నా బాగా వచ్చు. చిన్న వేళ్ళు కదా.

ఒక్కొక్క తీగ వంద మీటర్ల దాకా ఉండవచ్చునన్నది ప్రమాణం. గదిలో ఆ చిక్కు రాదు. ఎలుకల చిక్కు వస్తుంది. కాబట్టి గోడవెంట ప్లాస్టిక్ పట్టీలో తీగలను మూసి లాగండి. కరెంటు తీగలతో కలిపి ఒకే పట్టీలో మాత్రం లాగకండి. అన్నిటికన్నా ముందు ఎర్తింగ్ చూడండి. కంప్యూటరు డబ్బాను తాకితే చేయి జివ్వుమంటే ఆ బడికి సరైన ఎర్తు లేదని అర్థం. బొగ్గు, ఉప్పు వేసి గుంత తీయించి ఎర్తు సరిచేయించేదాకా యంత్రాలను తెరవనే తెరవవద్దు. ఇక్కడ కక్కుర్తి పడితే ప్రమాదం పిల్లలకు.

తీగలు కలిసిన తరువాత ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఇవ్వాలి. 192.168 తో మొదలయ్యే చిరునామాలను సొంత నెట్‌వర్కుల కోసమే ప్రపంచమంతటా వదిలి ఉంచారు. వాటికి ఎవరి అనుమతీ అక్కరలేదు, మన ఇంటి గదులకు మనం పేర్లు పెట్టుకొన్నట్టే. నడిమి యంత్రానికి 192.168.1.10, మిగిలినవాటికి 11 నుంచి 15 దాకా ఇచ్చాము. ఒకే చిరునామా ఇద్దరికి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ ఉత్తరాలు సరిగా అందవు. నంది కొండల చుట్టుపక్కల పుట్టే ఏరుల పేర్లు యంత్రాలకు పెడదామన్నది మా ఉపాధ్యాయురాలి ఆలోచన. నడిమిది దక్షిణ పినాకిని, మన హోసూరు పక్కన పారే ఏరు. మిగిలినవి ఉత్తర పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని, అర్కావతి. "టీచర్, పాపాఘ్ని తెరుచుకోలేదు" అని పిల్లలు అంటూ ఉంటే విన సొంపుగా ఉంటుంది. యంత్రం లోపల మాత్రం ఈ పేర్లను రోమను అక్షరాలతోనే రాయవలసి వచ్చింది. నెట్‌వర్కు పేర్ల పాత నియమం అట్లాంటిది. తెలుగులో '.భారత్' అనే చిరునామా కొస వచ్చినా, లోపల దాన్నీ రోమను అక్షరాలలోకి మార్చే మోస్తారు. ఆ మేరకు తెలుగు ఇంకా పై పొర మీదనే ఉన్నది.

నడిమి యంత్రంలో ఏమి పెట్టాలన్నదే అసలు ప్రశ్న. స్విచ్చి, తీగలు ఎవరైనా అమ్ముతారు. ఇది మాత్రం మనం కూర్చుకోవలసింది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. ఇంటర్నెట్టు లేనిచోట వికీపీడియా చదువుకోవడానికి దాన్ని తయారుచేశారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది, నేడు అందులో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. ఆ మొత్తం ఒక పెన్ డ్రైవులో పడుతుంది. మంచి ఇంటర్నెట్టు ఉన్నచోట ఒకసారి దించుకొని, జేబులో వేసుకొని వచ్చి, నడిమి యంత్రంలో పెట్టాము. మిగిలిన యంత్రాలలో బ్రౌజరు తెరవగానే అది వచ్చేటట్టు అమర్చాము. దానితోపాటు తెలుగు విక్షనరీ, శతకాలూ పాత పుస్తకాలూ ఉన్న తెలుగు వికీసోర్సు. మూడు రాష్ట్రాల తెలుగు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లను కూడా చేర్చాము. ఒక ఏడు బడికి పుస్తకాలు ఆలస్యమైనప్పుడు ఆ పీడీఎఫ్‌లతోనే మొదటి పాఠాలు నడిచాయి.

వికీపీడియాను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. అందులో ఊళ్ళ గురించి, సినిమాల గురించి ఉన్నంత దట్టంగా విజ్ఞానశాస్త్రం లేదు. తప్పులూ ఉంటాయి. మనం దించుకొన్ననాటితో అది ఆగిపోతుంది కూడా, కాబట్టి ఏడాదికి ఒకసారి కొత్తది తెచ్చి పెట్టాలి. అయినా, తొమ్మిదేళ్ళ పిల్ల 'తేనెటీగ' అని తెలుగులో కొట్టి, తెలుగులో చదివి, పక్కదానికి తెలుగులో చెప్పడం ఆ గదిలో అంతకుముందు జరగలేదు.

నెట్‌వర్కు అసలు ఉపయోగం దీనికి మించినది ఇంకొకటి ఉన్నది. మన బడుల సంగతి మీకు తెలుసు. మూడు తరగతులు, ఒక గది, ఒక్క టీచరు. మూడవ తరగతికి లెక్కలు చెబుతుంటే అయిదవ తరగతి ఖాళీ. తల్లిదండ్రులు చూసి పోయేది ఆ ఖాళీనే. ఇప్పుడు అయిదవ తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా యంత్రాల ముందు కూర్చొని, ఆనాటి పాఠం గురించి చదివి, అయిదు వాక్యాలు టైపు చేసి, నడిమి యంత్రంలోని ఉమ్మడి అరలో దాచిపెడతారు. లెక్కలు ముగించుకొన్న టీచరు తన కుర్చీలో కూర్చొనే అందరి వాక్యాలూ తెరిచి చూస్తారు. విడివిడి కంప్యూటర్లతో ఇది కాదు. పెన్ డ్రైవు పట్టుకొని అయిదు బల్లల చుట్టూ తిరగాలి, దానితోపాటు వైరస్సూ తిరుగుతుంది.

ఆ ఉమ్మడి అరలో 'మన మాటలు' అని ఒక విభాగం పెట్టాము. పాఠ్యపుస్తకంలో లేని, ఇంట్లో అవ్వతాతల నోట విన్న మాటలను పిల్లలు అందులో చేరుస్తారు. మొదట వంటింటి మాటలు వచ్చాయి. అనపకాయలు, పితికిన పప్పు, ఊరుబిండి. తరువాత పొలం మాటలు, పొడుపుకథలు. ఒక పిల్లవాడు వాళ్ళ అవ్వ చెప్పిన కథను ఫోనులో పట్టి తెచ్చి పెట్టాడు. దాన్ని అయిదు యంత్రాల మీదా ఒకేసారి వింటారు. మొరసునాటి తెలుగు పుస్తకపు తెలుగు కాదని చిన్నబుచ్చుకొనేవారు మనలోనే ఉన్నారు. కంప్యూటరులో నుంచి వాళ్ళ అవ్వ మాట వినబడినప్పుడు ఆ పిల్లవాడి ముఖం చూసినవాళ్ళు మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇప్పుడు టైపు చేయడం గురించి. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉన్నది, కొందరు ఒప్పుకోరు. రోమను అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే పద్ధతి పెద్దవాళ్ళకు సులువు. లేఖిని వంటి పరికరాలు ఎంతోమంది చేత తెలుగు రాయించాయి, వాటి మేలు నేను మరువను. కానీ పిల్లలకు అది వద్దు. తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషు అక్షరం తలచుకోవలసి వస్తే మనం తిరిగి మొదటికే వచ్చినట్టు. పిల్లలకు ఇన్‌స్క్రిప్టు నేర్పండి. భారత ప్రభుత్వం 1986లో ప్రమాణంగా నిర్ణయించిన అమరిక అది. లినక్స్‌లోనూ విండోస్‌లోనూ అది ముందే ఉన్నది, తెరిస్తే చాలు. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. 'అమ్మ' అని రాయాలంటే అ, మ, పొల్లు, మ. పలక మీద నేర్చుకొన్న క్రమమే మీటల మీదా. మీటలకు తెలుగు అక్షరాల చీటీలు అంటిస్తే నెల రోజులలో చేయి తిరుగుతుంది.

తల్లిదండ్రులు తప్పక వినవలసిన సంగతి దీనితోనే ముడిపడి ఉన్నది. ఇన్‌స్క్రిప్టు ఒక్క తెలుగుకు మాత్రమే కాదు. తెలుగు 'క' ఉన్న మీట మీదనే కన్నడ 'క', ఒడియా 'క', మరాఠీ రాసే దేవనాగరి 'క' ఉంటాయి. బళ్ళారిలోనో కోలారులోనో తెలుగు టైపు నేర్చుకొన్న పిల్లకు కన్నడ టైపు వచ్చేసినట్టే. రాయగడలో ఒడియా, సిరొంచలో మరాఠీ అంతే. చేతివేళ్ళు మారవు, తెర మీద లిపి మారుతుంది. మన తమిళనాడు సంగతి కొంచెం వేరు. తమిళానికి ఇన్‌స్క్రిప్టు అమరిక ఉన్నప్పటికీ ఇక్కడి ప్రభుత్వ ప్రమాణం 'తమిళ్ 99'. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలకు తమిళం తప్పనిసరి అయింది. ఆ చట్టపు మంచిచెడ్డలు ఇతర పెద్దలు చెబుతారు. నేను చెప్పేది ఇంతే. ఆ గదిలో తమిళ్ 99 కూడా పెట్టి నేర్పండి. మేము పెట్టాము. తెలుగును గదిలోకి తేవడానికి తమిళాన్ని గెంటనక్కరలేదు. యంత్రానికి రెండు భాషలు బరువు కావు, పిల్లలకు అసలే కావు. రాష్ట్ర భాష నేర్చుకోము అన్నవారి మాటను ఏ అధికారీ వినడు. రెండూ నేర్చుకొంటాము, మాది మాకు ఉంచండి అన్నవారి మాటను కాదనడం కష్టం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ప్రశ్నపత్రాలను, పాఠాల టిప్పణులను యూనికోడులోనే రాయండి. అచ్చుపనికి వాడే పాత ఖతులలో తెలుగు బొమ్మలను రోమను అక్షరాల స్థానాలలో కూర్చి ఉంటారు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు చెత్త కనబడుతుంది. అది చూసిన పిల్లలు మళ్ళీ అదే అంటారు, కంప్యూటరుకు తెలుగు రాదని. యూనికోడులో తెలుగుకు 1991 నుంచీ స్వంత స్థానం ఉన్నది, అక్షరం అక్షరంగానే నిలుస్తుంది, వెతికితే దొరుకుతుంది. అందమైన ఖతులు లేవనడానికీ వీలు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఖతులు 2000 నుంచీ ఉన్నాయి, తరువాత ఉచితంగా వచ్చినవి ఇంకా ఎన్నో.

ఇక ప్రభుత్వాన్ని ఏమి అడగాలన్న సంగతి. రాజ్యాంగం 350ఎ అధికరణం, 1956లో ఏడవ సవరణతో చేరినది, భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని ప్రతి రాష్ట్రానికీ చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ విభాగం కూడా ఆచరణసాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలంటుంది. 1956లో సౌకర్యం అంటే గది, పుస్తకం, టీచరు. ఇవాళ బడిలో కంప్యూటరు ఉంటే, అదీ సౌకర్యమే. కానీ "తెలుగుకు అన్యాయం జరుగుతున్నది, న్యాయం చేయండి" అని మాత్రమే రాసిన వినతిపత్రం బల్ల మీదనే ఉండిపోతుంది. ఖచ్చితంగా రాయండి. "మా బడి కంప్యూటర్లలో తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరికను తెరిపించండి, తెలుగు ఖతులు వేయించండి, బ్రౌజరులో తెలుగు భాషను చేర్పించండి." ఈ మూడింటికీ నయాపైసా ఖర్చు లేదు. ఖర్చు లేని కోరికకు నిధులు లేవన్న జవాబు ఇవ్వడానికి కుదరదు. కేరళ దీనికి ఉదాహరణగా పనికివస్తుంది. అక్కడి ప్రభుత్వం బడులకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడుతున్నది, కంప్యూటరు పాఠ్యపుస్తకాలు మలయాళం, ఇంగ్లీషులతోపాటు తమిళ, కన్నడ మాధ్యమాల పిల్లలకు వారి వారి భాషలలోనూ ఇస్తున్నది. కేరళలోని తమిళ బిడ్డకు తమిళంలో దొరికేది, తమిళనాడులోని తెలుగు బిడ్డకు తెలుగులో ఎందుకు దొరకకూడదని మర్యాదగా అడగండి.

ఖర్చు ఎంతని చాలామంది అడిగారు. కంప్యూటర్లు దానంగా వస్తే స్విచ్చి, తీగ, ప్లగ్గులు, క్రింపరు, నడిమి యంత్రానికి కొత్త ఎస్.ఎస్.డి., ఒక చిన్న యు.పి.ఎస్., అన్నీ కలిపి మాకు పది పన్నెండు వేలయింది. ధరలు మారుతుంటాయి. ఎర్తు గుంత, కరెంటు పని కూలి వేరే. యు.పి.ఎస్. నడిమి యంత్రానికీ స్విచ్చికీ మాత్రమే పెట్టాము. కరెంటు పోతే పిల్లల యంత్రాలు ఆగినా, దాచుకొన్న రాతలు చెడవు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్గులు పీకివేయడం పిల్లలకే అప్పగించాము, వంతులవారీగా. ఇంకొకటి, ఒకే తీగ రెండు కొసలనూ ఒకే స్విచ్చిలో పెడితే ఉత్తరాలు చుట్టూ తిరుగుతూ వల మొత్తం స్తంభిస్తుంది. ఖాళీ రంధ్రం కనబడితే పిల్లలు ఊరుకోరు. వాడని రంధ్రాలకు టేపు అంటించండి.

గది తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది చిన్న ప్రశ్నలాగా కనబడుతుంది. నా అనుభవంలో ఇలాంటి గదులు చెడిపోయేది యంత్రాలు పాడై కాదు, తాళం వేసి ఉంచడం వల్ల. పాడవుతాయన్న భయంతో బట్టలు కప్పి దాచిన కంప్యూటర్లను నేను చాలా చూశాను. దుమ్ము లేకుండా, కొత్తవిలాగే, పనికిరాకుండా పోయినవి. ఒక తాళంచెవి టీచరు దగ్గర, ఒకటి ఊళ్ళో ఉండే ఒక తల్లి దగ్గర పెట్టండి. ఆ తల్లికి కంప్యూటరు తెలియనక్కరలేదు, సాయంత్రం ఒక గంట తలుపు తీసే ఓపిక ఉంటే చాలు. మా ఊళ్ళో ఆ గంటలో పిల్లలతోపాటు తల్లులూ వచ్చి కూర్చొంటున్నారు. పాత పద్యాలు చదివించుకొంటారు.

నేను వెంట తెచ్చిన నడిమి యంత్రం, స్విచ్చి, రెండు కంప్యూటర్లు పక్క గదిలో అమర్చి ఉన్నాయి. భోజనాల తరువాత అక్కడికి రండి. పెన్ డ్రైవు తెచ్చుకొన్నవారికి తెలుగు వికీపీడియా, విక్షనరీ ఎక్కించి ఇస్తాను. కనీసం ముప్పయిరెండు జీబీది అయితే మేలు. ప్లగ్గు బిగించడం నేర్చుకోదలచినవారి కోసం ఇరవై మీటర్ల పాత తీగ తెచ్చాను. ఎన్నిసార్లు చెడగొట్టినా ఫరవాలేదు.